ఎత్తు చెప్పని హెచ్చరిక

అక్షయ తృతీయ మొదలుకొని ఉత్తరాఖండ్‌లో చార్‌ధామ్ ఆలయాలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. అప్పటికి మన దగ్గర ఎండలు మండిపోతుంటాయి. అక్కడా ఎండాకాలమే కదా అన్న ధీమాతో నాలుగు జతల నూలు బట్టలు, ఒక శాలువా సర్దుకుని రైలెక్కే తెలుగు యాత్రికులు ఎందరో. మే నెలలో కేదార్‌నాథ్‌లో మంచు కురవడం వింతేమీ కాదు. 2023లో ఆలయం తెరిచిన తొలి రోజుల్లోనే మంచు ఆగక యాత్ర రిజిస్ట్రేషన్లు నిలిపేయాల్సి వచ్చింది.

డెహ్రాడూన్ వాతావరణ కేంద్రం ఇచ్చే బులెటిన్లలో వానతో పాటు, 3,500 మీటర్లకు పైన మంచు కురవవచ్చని తరచూ ఒక ముక్క ఉంటుంది. యాత్రికుడికి అన్నిటికన్నా అక్కరకొచ్చేది ఆ ముక్కే. మన వరకు వచ్చేసరికి అది 'ఉత్తరాఖండ్‌లో వర్షాలు, ఎల్లో అలర్ట్'గా మిగులుతోంది. ఎత్తును కత్తిరించి వార్త వేస్తున్న తప్పులో తెలుగు పత్రికలన్నిటికీ వాటా ఉంది, మాకు కూడా.

కొండల్లో వాతావరణం జిల్లాను బట్టి మారదు, ఎత్తును బట్టి మారుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. రిషికేశ్ కన్నా కేదార్‌నాథ్ సుమారు 3,200 మీటర్లు ఎత్తు. కింద 38 డిగ్రీలు ఉంటే పైన 17 అన్నమాట, అదీ ఎండ కాసే పగటిపూట. మబ్బు పట్టి వాన మొదలైతే గంటలోపే ఇంకా కిందికి జారుతుంది. సున్నా డిగ్రీలు ఏ ఎత్తులో ఉందో తెలిస్తే మంచు ఎక్కడిదాకా దిగుతుందో చెప్పవచ్చు. మామూలుగా అంతకు రెండు మూడు వందల మీటర్ల కింది వరకు మంచు కరగకుండా పడుతుంది. కేదార్ ఆలయం 3,583 మీటర్ల ఎత్తున ఉంది. ఆ సున్నా డిగ్రీల గీత 4,200 మీటర్లలో ఉంటే అక్కడ వాన, 3,700కు దిగితే మంచు. ఇరుకు లోయలో జోరుగా పడుతున్నప్పుడు కరిగే మంచు గాలిలోని వేడిని లాగేసుకోవడంతో ఆ గీత ఇంకా కిందికి వస్తుంది. పొద్దున వానలో బయలుదేరిన మనిషి మధ్యాహ్నానికి మంచులో చిక్కుకునేది ఇందుకే.

ప్రాణం మీదికి తెచ్చేది పొడి మంచు కన్నా రెండు మూడు డిగ్రీల్లో పడే వాన. తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని గుంజేస్తుంది, దానికి గాలి తోడైతే చెప్పనక్కర్లేదు. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 7లా తగులుతుంది. వణుకు, మాట తడబాటు, అడుగు తూలడం కనిపించిందంటే ఒంటి వేడి పడిపోతోందని గుర్తు. వణుకు ఆగిపోయినా మనిషి మగతగానే ఉంటే అది కోలుకోవడం కాదు, ముదరడం. తడి బట్టలు తీసి, ఒళ్లు తుడిచి, పొడి ఉన్ని బట్టలు వేసి, గాలి తగలని చోటికి చేర్చాలి. అందుకే ఒక జత ఉన్ని బట్టలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి వీపు సంచిలోనే ఉండాలి, గుర్రం మీద ముందే వెళ్లిపోయిన సామానులో కాదు.

ఎత్తు తర్వాత చూడాల్సింది వేళ. వసంతం చివర్లో ఉదయం ఎండకు కొండవాలు వేడెక్కి లోయ గాలి పైకి లేస్తుంది. పది, పదకొండు గంటలకు శిఖరాల మీద దూది పింజల్లాంటి మబ్బులు లేస్తాయి. అవి పక్కలకు పరుచుకోకుండా నిలువుగా పెరుగుతూ, అడుగు నల్లబడుతుంటే మధ్యాహ్నం రెండు మూడు గంటలకల్లా ఉరుములు, వడగళ్లు ఖాయం అనుకోవాలి. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లు లెక్కకు వచ్చాయంటే పిడుగు పది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నట్టు. అప్పటికే గట్టు దిగి, ఒంటరి చెట్టుకు దూరంగా జరగాలి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు 16 కిలోమీటర్లు నడిచేవారు చీకటితోనే కదలాలనడానికి కారణం ఇదే.

దారికి అడ్డంగా మంచు నిండిన కాలువలు దాటడానికీ వేళ ఉంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే పై పొర గడ్డకట్టి తెల్లవారేసరికి రాయిలా బిగుస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ మెత్తబడుతుంది, మధ్యాహ్నానికి చీలమండ దాకా కాలు దిగబడుతుంది. పై వాలు నుంచి తడి మంచు చరియలు జారే వేళ కూడా అదే. రాత్రంతా మబ్బు కమ్మి ఉంటే ఆ గడ్డకట్టడమే జరగదు, అలాంటప్పుడు తెల్లవారుజామైనా నమ్మడానికి లేదు. కర్రతో పొడిచి చూస్తే తెలుస్తుంది: మొన దిగకుండా ఠంగుమంటే సరే, సగం దిగిపోతే ఆగాల్సిందే. మంచు కరిగిన నీరు వాగుల్లో సాయంత్రానికి పెరుగుతుంది కనుక వాగు దాటడమూ పొద్దున్నే మేలు.

ఈ పగటి లెక్క తప్పే రోజులున్నాయి. మధ్యధరా సముద్రం వైపు నుంచి పడమటి గాలులతో వచ్చే వాన, మంచు మబ్బుల వ్యవస్థ (వెస్టర్న్ డిస్టర్బెన్స్) హిమాలయాన్ని తాకితే రాత్రి, పగలు తేడా లేకుండా కురుస్తుంది. దాని రాకను రెండు మూడు రోజుల ముందే బాగా పసిగట్టవచ్చు. మధ్యాహ్నపు ఉరుముల వాన ఏ లోయలో పడుతుందో మాత్రం మూడు గంటల ముందు ఇచ్చే తక్షణ సూచన (నౌకాస్ట్)లోనే తెలుస్తుంది. ప్రయాణం తేదీకి మొదటిది చూడాలి, ఆ పూట నడకకు రెండోది. వారం కిందటి యాప్ సూచనను ఫోన్‌లో దాచుకుని నడవడం వృథా. 'ఒకటి రెండు చోట్ల' అన్న మాటకు అర్థం తేలికపాటి వాన కాదు, పాతిక శాతానికి మించని చోట్ల అని. పడ్డ చోట దంచి కొట్టవచ్చు.

2024 జూన్ మొదటి వారంలో ఉత్తరకాశీ జిల్లా నుంచి సహస్రతాల్ సరస్సుకు వెళ్లే ట్రెక్ దారిలో 4,000 మీటర్లు దాటిన ఎత్తున మంచు తుపానులో చిక్కి కర్ణాటక ట్రెక్కర్లు 9 మంది చనిపోయారు. మైదానంలో వడగాడ్పులు వీచే రోజులవి. అంత ఎత్తుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ ఎత్తు గాలి, చలి సూచన చూడడం తప్పనిసరి కావాలి. మధ్యాహ్నం ఏ గంటకు ఏ చోటు నుంచి వెనక్కి తిరగాలో బృందం ముందే రాసివ్వాలి.

2025 మేలో వచ్చిన మన దేశపు వాతావరణ సూచన వ్యవస్థ, భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్, నేలను 6 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్కిస్తుంది. అంతకుముందు 12 కిలోమీటర్లు ఉండేది కనుక ఇది పెద్ద ముందడుగే. అయినా కేదార్ ఆలయానికి, వెనకనున్న 6,940 మీటర్ల శిఖరానికి నడుమ దూరం కొద్ది కిలోమీటర్లే. గడిలో లోయ, శిఖరం కలిసి ఒకే సగటు ఎత్తుగా మారిపోతాయి. యాప్ చూపే ఉష్ణోగ్రత పక్కన అది ఏ ఎత్తుకో రాసి ఉంటే, వంద మీటర్ల తేడాకు 0.65 డిగ్రీల చొప్పున సరిచేసుకోవచ్చు. రాసి లేకపోతే ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు.

సూచనను ఎత్తుల వారీగా, పూటల వారీగా ఇవ్వాలని వాతావరణశాఖను, ఉత్తరాఖండ్ ప్రభుత్వాన్ని కోరుతున్నాం. దారిలో సిగ్నల్ నమ్మకం లేదు, అందుకే కేదార్ దారిలోని సోన్‌ప్రయాగ్, గౌరీకుండ్ గేట్ల దగ్గర బోర్డు పెట్టి తెల్లవారుజామున ఒకసారి, పదకొండు గంటలకు ఒకసారి మార్చాలి. సున్నా డిగ్రీల ఎత్తు, ఆలయం దగ్గర గాలి వేగం, ఉరుములు మొదలయ్యే గంట, రాత్రి మంచు గడ్డకట్టిందా లేదా అన్నవి అందులో ఉండాలి. హిందీ, ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ రాయాలి.