టై సన్నగా ఉంటే చాలు

హార్డ్ బాప్ అనే పాతకాలపు జాజ్ శైలిని ఉద్ధరించడానికి బయల్దేరిన ప్రతి కొత్త బృందానికీ మొదట కావాల్సింది మంచి దర్జీ. 1958 నాటి బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ రికార్డుల అట్టలు చూపించి, అలాంటి సూట్లూ సన్న టైలూ సంపాదిస్తారు. ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్, పియానో, డబుల్ బాస్, డ్రమ్స్... అయిదుగురూ ఫొటోకు సిద్ధం. రిహార్సల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. బ్లూ నోట్ వాళ్లు రికార్డింగుకు ముందు రిహార్సల్‌కు కూడా డబ్బిచ్చేవారు. పాపం, అప్పటివాళ్లకు సాధన అవసరమయ్యేది.

హెడ్, అంటే పాట అసలు ట్యూన్, మొదలవుతుంది. ట్రంపెట్, టెనర్ ఒకే గొంతులా పలకాలంటే ఊపిరెక్కడ పీల్చాలో, స్వరమెక్కడ తుంచాలో ఇద్దరూ ముందే అనుకోవాలి. ఇక్కడ ఒకాయన తుంచాక రెండో ఆయనకు గుర్తొస్తుంది. దీన్ని అనుభూతి అంటారు లెండి.

ఇక సోలోలు, అంటే ఒక్కొక్కరూ అప్పటికప్పుడు కల్పించి వాయించడం. నాలుగేసి బీట్ల బార్లు 32 ఉన్న పాట, నిమిషానికి 180 బీట్లు. అంటే ఒక కోరస్, పాటను ఒకసారి చుట్టి రావడం, సుమారు 43 సెకన్లు. చెప్పడానికేదైనా ఉన్నవాడికి రెండు మూడు కోరస్‌లు చాలు. మన శాక్సఫోన్ వీరుడు తొమ్మిది లాగుతాడు, దాదాపు ఆరున్నర నిమిషాలు. నాలుగోదానికి కళ్లు మూస్తాడు, ఆరోదానికి మోకాళ్లు వంచుతాడు. డ్రమ్మరు రెండో, నాలుగో బీట్ల మీద హైహ్యాట్ అనే జంట తాళాలను కాలితో మూస్తూ, కోరస్ చివర డ్రమ్స్ దిగ్గజం ఆర్ట్ బ్లేకీలా ప్రెస్ రోల్ అనే ఎడతెగని డ్రమ్ మోతతో అతన్ని ముందుకు తొయ్యాలి. ఈయన టాబ్లెట్‌లో పేజీ తిప్పుతున్నాడు. హెడ్‌కు వెళ్దామని ట్రంపెట్ చేసిన సైగ ఎవరికీ కనపడదు. ట్రంపెట్ హెడ్‌లోకి, శాక్సఫోన్ పదో కోరస్‌లోకి, పియానో పాట మధ్యభాగమైన బ్రిడ్జిలోకి! ముగ్గురూ మూడుచోట్ల ఆగితే జనం లేచి చప్పట్లు. తర్వాత బాస్ సోలో. అప్పుడే అందరికీ బీరు గుర్తొస్తుంది.

సరే, ఇంతవరకూ వేళాకోళం. ఆ సూట్లు ఎవరివనుకున్నారు? న్యూయార్క్‌లో 1967 దాకా క్లబ్బులో వాయించాలంటే పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాలి. అది లాక్కోవడంతో 1951 నుంచి ఆరేళ్లు పియానిస్టు థెలోనియస్ మంక్‌కు అక్కడి క్లబ్బుల తలుపులు మూసుకుపోయాయి. టెనర్ శాక్సఫోన్ వాయించే టీనా బ్రూక్స్ బ్లూ నోట్‌కు తన పేరు మీద నాలుగు ఆల్బమ్‌లు రికార్డు చేశాడు. బతికుండగా బయటికొచ్చింది ఒక్కటి. 1974లో, 42 ఏళ్లకే పోయాడు. ఆయన కట్టిన పాటను వాయిస్తూ, స్టేజీ మీద ఆయన పేరు చెప్పడానికి నోరు రాదు, దర్జీకి మాత్రం మైకులో ధన్యవాదాలు! సిగ్గుండాలి. ముందు ఆ పేరు పలకండి. తర్వాత రెండంటే రెండే కోరస్‌లు, టాబ్లెట్ కట్టేసి వాయించండి.