నా స్ట్రీక్ తెగితే నీకేం నొప్పి?

ఇప్పుడే జరిగింది, వేడి మీదే రాస్తున్నా, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

నోట్‌బుక్‌లో ఒక వాక్యం మధ్యలో ఉన్నాను. నా కథలో ఒకావిడ తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి నెలల తరబడి అలాగే నిలబడి ఉంది. తీయదు, వెనక్కీ వెళ్ళదు. అవతల ఎవరున్నారో నాకే తేలక, ఆవిణ్ణి అక్కడే వదిలేసి నా పనులేవో నేను చూసుకుంటున్నా. ఇవాళ పొద్దున ఎట్టకేలకు గొళ్ళెం కాస్త కదిలింది, "ఆవిడ తలుపు" వరకూ రాశానో లేదో టింగుమని ఫోన్. రాసే అలవాటు చేసుకుందామని ఎప్పుడో వేసుకున్న యాప్. "అయ్యో! మీ స్ట్రీక్ తెగిపోయింది" అట. స్ట్రీక్ అంటే ఒక్క రోజూ మానకుండా వరసగా రాసిన రోజుల లెక్క లెండి. పక్కనే బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ ఒక పసుప్పచ్చ మొహం.

నేను రాయట్లేదని ఏడవడానికి, రాస్తున్న నన్ను ఆపింది. ఇంతకన్నా సేవ ఎవరు చేస్తారు చెప్పండి.

యాప్ పీకేశాను లెండి. పీకేస్తుంటే కూడా "నిజంగా వెళ్ళిపోతారా?" అని ఇంకో మొహం. పోయింది గానీ నా కోపం పోలేదు, ఎందుకంటే అసలు మంట ఈ లెక్కల పిచ్చి మీద. వరసగా కొన్ని రోజులు రాస్తే నిప్పు బొమ్మ, ఇంకొన్ని రోజులు రాస్తే పతకం, బాగానే ఉంటుంది. ఒక్క రోజు జ్వరమొచ్చి పడుకున్నారనుకోండి, అంతా సున్నా. రాసిన పేజీలు ఎక్కడికీ పోలేదు, నోట్‌బుక్‌లో భద్రంగా ఉన్నాయి, కానీ ఆ వెధవ సున్నాని చూశాక ఎవరికి రాయబుద్ధవుతుంది? ఒక్క రోజు మానేసిన మనిషి నెల రోజులు మానేసేది ఇందుకే. రుజువేంటని అడక్కండి, ఇది చదువుతున్న మీలో సగం మంది రుజువే.

ఇక ఆ 21 రోజుల బ్యాచ్. "ఈ మధ్య రాయలేకపోతున్నా" అని నోరు జారితే చాలు, ఎక్కణ్ణుంచో దిగుతారు. "ఒక్క 21 రోజులు చేసి చూడండి మేడమ్, అదే అలవాటైపోతుంది." ఈ 21 ఎక్కడిదో తెలుసా? మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అని ఒక ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ అయ్యాక మనుషులకి అద్దంలో తమ కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి, 1960లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నాడు. మొహం గురించండీ! ఆపరేషన్ చేయించుకున్న మొహం గురించి! అందులో "కనీసం" అన్న మాటని దారిలో ఎవరో మింగేశారు, మిగిలిన అంకెని తెచ్చి కథలకీ కవితలకీ తగిలించారు. తర్వాత లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆవిడ బృందం కలిసి 96 మందిని పెట్టుకుని నిజంగానే చూశారు. 2009లో బయటికొచ్చిన ఆ లెక్క ప్రకారం అలవాటు కుదురుకోవడానికి పట్టింది సుమారు 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. అదీ ఏ అలవాటు? గ్లాసు నీళ్ళు తాగడం, పండు తినడం, కాసేపు పరిగెత్తడం, ఇలాంటివి. నీళ్ళు తాగడానికే అంత భాగవతం ఉంటే తలుపు అవతల ఎవరున్నారో తేల్చడానికి నాకెన్నాళ్ళు పట్టాలి? పైగా అందులోనే ఇంకో ముక్క ఉంది: మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టమేం లేదట. ఇది మాత్రం ఏ యాప్ వాడూ చెప్పడు. చెప్తే ఏడుపు మొహానికి పనుండదుగా.

వీళ్ళని మించినవాళ్ళు, మహానుభావుల దినచర్యలు పంచేవాళ్ళు. ఆంథొనీ ట్రోలోప్ అనే పాతకాలపు ఇంగ్లీషు నవలాకారుడు పోస్టాఫీసులో ఉద్యోగం చేస్తూనే పొద్దున 5:30కి బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసి 40కి పైగా నవలలు తేల్చాడు, మరి నీకేం రోగం, అని దాని భావం. నిజమే, రాశాడు. ఆయనే ఆత్మకథలో ఇంకోటి కూడా రాశాడు. పొద్దున్నే తనని లేపి కాఫీ అందించడానికి ఒక ముసలి పనివాడు ఉండేవాడనీ, ఆ లేపే పనికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాణ్ణనీ. ఈ ముక్క ఏ పోస్టర్ మీదా కనబడదేం? నన్నూ ఎవరైనా లేపి చేతికి కప్పు ఇస్తే 250 ఏం ఖర్మ, 300 రాస్తా. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదూ, అనండి. కానీ ఆ పనివాడు ఎన్నింటికి లేచేవాడో ఎవరికైనా పట్టిందా? పాపం ఆయనకి కూడా ఏదన్నా రాసుకోవాలని ఉండేదేమో.

ఈ సలహాల సంతలో నాకు నచ్చిన ఒకే ఒక్క మనిషి డెనిస్ అప్పర్ అనే సైకాలజిస్టు. 1974లో ఒక సైకాలజీ జర్నల్‌లో, రాయలేని జబ్బుకి తనకి తానే చేసుకున్న వైద్యం ఎలా విఫలమైందో వ్యాసం వేశాడు. శీర్షిక ఉంది, పేరుంది, కింద ఒక్క అక్షరం లేదు. దాన్ని పరిశీలించినాయన కూడా తక్కువవాడేం కాదు, నిమ్మరసంతోనూ ఎక్స్‌రేతోనూ చూశాను, ఒక్క తప్పూ దొరకలేదు అని రాసిచ్చాడు. నిజాయితీ అంటే అదీ.

ఇంతమందిని తిడుతున్నావు, మరి నువ్వెలా మొదలుపెట్టావమ్మా అంటారా. అవతల ఎవరున్నారో తెలియదు కాబట్టి గొళ్ళెం గురించి రాశాను. దాని మీద తుప్పు, ఒక పక్క పెచ్చులూడిన రంగు, ఆవిడ బొటనవేలికి అంటిన నూనె మరక. చెత్తగా ఉంది. చెత్తని తెలిసే, ఎవరికీ చూపించనని ఒట్టు పెట్టుకుని మరీ రాశాను, పేజీ నిండింది. ఇంకా రాయగలిగేలా ఉండగానే ఆపేశాను. తర్వాత ఏం జరుగుతుందో తెలిసినప్పుడే ఆపమని హెమింగ్వే చెప్పింది ఒక్కటీ నాకు పనికొచ్చిందని ఒప్పుకోవాలి. మిగిలిన రోజంతా ఏ పని చేస్తున్నా ఆ రాయని వాక్యం బుర్రలో గింగిరాలు కొడుతుంటుంది, మర్నాడు కూర్చోగానే ముందు అదే వచ్చి పడుతుంది. దీనికి పతకం లేదు, నిప్పు బొమ్మ లేదు.

అయినా నా రాత ఆగిపోయింది అలవాటు లేకనా? అసలు సంగతి చెప్పకుండా ఉండలేను, ఎన్నాళ్ళుగానో కడుపులో పెట్టుకున్నా.

"నువ్వు రాస్తావు కదమ్మా" అనే ఒకాయన అందరి ఆఫీసుల్లోనూ ఉంటాడు. మా ఆఫీసులోనూ ఉన్నాడు. ఆయన సెలవు చీటీ నేనే రాయాలి, పై ఆఫీసుకి వెళ్ళే ఫిర్యాదు నేనే రాయాలి, వాళ్ళబ్బాయి ఉద్యోగం అప్లికేషన్ నేనే దిద్దాలి. ఎప్పుడూ ఒకటే మాట, "నీకు ఐదు నిమిషాల పని." డాక్టర్ దగ్గరికి వెళ్ళి, మీకు ఐదు నిమిషాల పనే కదండీ, ఊరికే ఓ ఆపరేషన్ చేసిపెట్టండి అంటారా ఎవరైనా? రాసేవాళ్ళంటేనే అందరికీ లోకువ. ఆ ఐదు నిమిషాలు నాకు సాయంత్రమంతా పడుతుంది, ఆ సాయంత్రం నా కథది.

సరే, మా పాత మేనేజర్ రిటైరయ్యారు. ఈయన వీడ్కోలు ప్రసంగం చెయ్యాలట, నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నాడు. ఆ పెద్దాయనంటే నాకూ అభిమానం కాబట్టి మనసుపెట్టి రాశాను. ఆయన పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, దాని కోసం సొరుగులన్నీ వెతికి, చివరికి పక్కవాళ్ళని అడిగి తీసుకునేవారు. వెళ్ళేటప్పుడు మాత్రం రెండూ తిరిగిచ్చేసేవారు. ఆ సంగతి నేను ఎప్పటినుంచో దాచుకున్నది, నా కథలో ఒక మనిషి కోసం. రాస్తున్న ఊపులో ప్రసంగంలోకి వచ్చేసింది. ఈయన మైకు పట్టుకుని చదివాడు, హాలంతా నవ్వింది, పెద్దాయన కళ్ళు తుడుచుకుని వచ్చి కావిలించుకున్నారు. ఎవర్ని? ఈయన్ని. "ఎంత బాగా రాశారండీ" అని ఎవరో అంటే, మూడు కుర్చీల అవతల నేను కూర్చుని ఉండగానే, "ఏదోనండీ, రాత్రి కూర్చున్నాను, అలా వచ్చేసింది" అన్నాడు.

అలా వచ్చేసిందట!

ఆ చెవి మీద పెన్సిల్ మనిషే నా కథలో తలుపు అవతల ఉండాల్సినవాడు. ఇప్పుడు ఆయన్ని అక్కడ నిలబెడితే, అరె, ఇది ఫలానా సార్ స్పీచ్‌లోది కదా, అక్కణ్ణుంచి ఎత్తేశావా అని నన్నే అంటారు. నా కథ ఆగింది ఆ రోజు. దీనికి ఏ 21 రోజులు వేస్తారో వెయ్యండి.

అన్నట్టు, నిన్న రాత్రి ఆయనే మెసేజ్ పెట్టాడు. కూతురికి కాలేజీ అడ్మిషన్ కోసం "నా ఆశయాలు" అని వ్యాసం కావాలట, కాస్త మనసుకి హత్తుకునేలా ఉండాలట, ఎల్లుండే ఆఖరు తేదీ అట. ఎప్పట్లాగే చివర్లో "నీకు ఐదు నిమిషాల పని." ఇందాక యాప్ మీద మండిన మంటతోనే జవాబు కొట్టేశాను: "ఆ రోజు రాత్రి కూర్చుంటే మీకు అలా వచ్చేసింది కదా సార్, ఇవాళ కూడా కూర్చోండి." రెండు టిక్కులూ నీలంగా మారాయి, "టైపింగ్" అని వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది.