కరెంటు పెట్టించిన కాగితం ఎక్కడుంది?

పిల్లలకు బ్లడ్ క్యాన్సర్ వస్తే ఇక అంతేనన్న మాట పాతబడింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో, సంపన్న దేశాల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు. మన దగ్గర ఇంకా అంత లేదు. అయినా సోంపేట నుంచో టెక్కలి నుంచో విశాఖ వెళ్లి, వైద్యం ముగించుకుని మళ్లీ బడికి పోతున్న పిల్లలున్నారు. చిక్కల్లా, ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లు వాళ్లను చూసేదెవరన్నదే.

రోగాన్ని చంపిన వైద్యమే కొందరిలో మరో క్యాన్సర్‌కు దారి తీస్తుంది. ఎటోపొసైడ్ లాంటి మందుల వల్ల వచ్చే రెండో లుకేమియా సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లలో బయటపడుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ కోవ మందులకైతే ఐదు నుంచి పదేళ్లు. రేడియేషన్, మన ఊళ్లలో అనే ‘కరెంటు’, ఇంకా నిదానం. తలకు పెట్టించుకున్నవారికి మెదడులో గడ్డలు, థైరాయిడ్ క్యాన్సర్ ముప్పు దశాబ్దాల పాటు ఉంటుంది. హాడ్కిన్ లింఫోమాకు (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఛాతీపై పెట్టించుకున్న అమ్మాయిలకు రొమ్ము క్యాన్సర్ నలభై నిండకముందే రావచ్చు. అందుకే వాళ్లకు 25 ఏళ్ల వయసు, లేదా రేడియేషన్ అయిన ఎనిమిదేళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటి నుంచి ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), ఎంఆర్ఐ చేయించాలని అమెరికా పిల్లల క్యాన్సర్ నిపుణులు చెబుతారు.

దీనికి బెంబేలెత్తాల్సిన పని లేదు. ఉత్తర అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం చిన్నతనంలో ఏదో ఒక క్యాన్సర్ వచ్చి ఐదేళ్లు దాటి బతికినవారిని గమనించింది. రోగం బయటపడిన 15 ఏళ్లలో మరో క్యాన్సర్ వచ్చినవారు 1970లలో వైద్యం పొందినవారిలో 2.1 శాతం, 1990ల వారిలో 1.3 శాతం. రేడియేషన్ వాడకం, మోతాదు తగ్గడమే ఇందుకు ముఖ్య కారణం. అయితే ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు, కరెంటు ఎక్కడ అన్నదాన్ని బట్టి మారుతుంది.

ఆ వివరమే మన దగ్గర మాయమవుతోంది. ఆడపిల్లకు సంబంధాలు చూసే వేళకు ఫైలు ట్రంకుపెట్టె అడుగుకు చేరుతుంది, లేదా పొయ్యిలోకి. దాచొద్దని నీతులు చెప్పడం తేలిక. ‘ఆ పిల్లకు క్యాన్సరట’ అన్న ఒక్క మాటకు సంబంధం తప్పిపోతుందన్న తల్లి భయం ఉత్తది కాదు. కాకపోతే పరీక్షలు మొదలవ్వాల్సిన 25వ ఏట ఆమె అత్తారింట్లో ఉంటుంది, రొమ్ములో గడ్డ తగిలితే చూసే డాక్టర్‌కు పాత కథ తెలియదు. మగపిల్లలైతే పనులకు హైదరాబాదో చెన్నైయో వెళ్లిపోతారు. వాళ్ల ఫైలు మాత్రం ఇంటి దగ్గరే.

కాగితం దాచుకోవడం మనకు చేతకాక కాదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో అక్షరం రాని ముసలాయన కూడా కిడ్నీల పనితీరు చెప్పే తన క్రియాటినిన్ ఎంతో చెబుతాడు, రిపోర్టులు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతాడు. అక్కడ ఆ అంకె ఎందుకు ముఖ్యమో పదేపదే చెప్పినవాళ్లున్నారు. క్యాన్సర్ నుంచి బయటపడ్డ పిల్లల ఇళ్లలో ఆ మాట చెప్పేవాళ్లే తక్కువ.

ముంబయి టాటా మెమోరియల్‌లో వైద్యం ముగిసిన పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్ ఎప్పటి నుంచో నడుస్తోంది. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రీ ఆ టాటా మెమోరియల్ సంస్థదే. అయినా సిక్కోలు (శ్రీకాకుళం) నుంచి ఏటా అక్కడికి వెళ్లడమంటే కూలీ పోవడం, చార్జీలు పెట్టుకోవడం. కాబట్టి ముందు కావాల్సింది ఒక్క పేజీ: రోగం పేరు, మందులు, మొత్తం మోతాదు, రేడియేషన్ ఎక్కడ, ఏ వయసు నుంచి ఏ పరీక్ష. అది తెలుగులో ఒకటి తల్లి చేతికి, నకలు జిల్లా ఆసుపత్రికి, ఫోన్‌లో ఒక ఫొటో. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) బిల్లు కోసం ఎన్నో సంతకాలు అడిగే ప్రభుత్వం, ఈ పేజీ జత చేయనిదే చివరి బిల్లు చెల్లించబోమని ఆసుపత్రులకు ఎందుకు చెప్పకూడదు?