మేరీలాండ్ 75 గంటల సంగతి

సేవను చదువుతో కలిపితే నగరాల్లోని మిడిల్ స్కూల్ పిల్లలకు బడి మీద ఆసక్తి నిలుస్తుందంటూ ఒక ప్రొఫెసర్ గారు రాసిన వ్యాసం చదివాను, వాదన బాగుంది. కానీ అందులో మేరీలాండ్ ప్రస్తావనే లేదేమిటి? హైస్కూల్ పట్టా కావాలంటే సర్వీస్ లెర్నింగ్ (అంటే చదువుతో కలిపి చేసే సమాజ సేవ) తప్పనిసరి అని 1992లో అమెరికాలో మొదట నిబంధన పెట్టిన రాష్ట్రం అదే. మొత్తం 75 గంటలు. మాంట్‌గోమరీ కౌంటీలోనైతే ఐదో తరగతి అయిన వేసవి నుంచే లెక్క మొదలవుతుంది. అక్కడి మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ గంటల టెన్షన్ కొత్త కాదు.

రాష్ట్రం చెప్పే పద్ధతిలో ముందు సిద్ధపడాలి, తర్వాత పని చేయాలి, ఆఖర్న చేసినదాని గురించి ఆలోచించాలి. నేను చూసినంతలో మధ్యదే మిగులుతోంది. ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్ది, ఫారం మీద సంతకం పెట్టించుకుంటే అయిపోయినట్టే. ఆ డబ్బాలు తీసుకెళ్లేవాళ్ల ఇళ్లలో తిండికి ఎందుకు కటకట వచ్చిందో సోషల్ క్లాసులో ఎవరూ అడగరు.

అదే రాష్ట్రంలోని బాల్టిమోర్ నగర బడుల్లో, నీళ్లలో సీసం (లెడ్) ఉందన్న భయంతో 2007లో కుళాయి నీళ్లు ఆపేసి బాటిల్ నీళ్లు పెట్టారు. ఏడో తరగతి సైన్సుకి అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? నమూనాలు తీయొచ్చు, గ్రాఫులు గీయొచ్చు, స్కూల్ బోర్డుకి ఉత్తరం రాయొచ్చు. అయితే దానికి సైన్సు టీచరు, ఇంగ్లిష్ టీచరు కలిసి కూర్చునే టైము కావాలి. పరీక్షల ఒత్తిడిలో ముందు ఎగిరిపోయేది అదే. పైగా సర్వీస్ లెర్నింగ్ కోసం ‘లెర్న్ అండ్ సర్వ్ అమెరికా’ అనే పథకం కింద వచ్చే ఫెడరల్ నిధులు 2011లో ఆగిపోయాయి. ఆ డబ్బు లేకుండా టీచర్లకు ఈ సమయం ఎవరిస్తారో ప్రొఫెసర్ గారు చెబితే బాగుండేది.