ఉప్పడిగితే సొరకాయ

(ఫిలిప్పీన్స్‌లో దవావ్ నగరం. మెడిసిన్ చదువుతున్న కూతుర్ని చూడ్డానికి తెనాలి నుంచి వచ్చిన దంపతులు. అమ్మాయి కాలేజీకి వెళ్లింది. శేషగిరి సంచీతో వంటగదిలోకి వస్తాడు.)

రాజ్యం: ఉప్పు తెమ్మంటే గంటన్నరా?

శేషగిరి: తెచ్చానుగా. ఇదిగో.

రాజ్యం: ఇది సొరకాయ.

శేషగిరి: అదే చెప్తున్నా. బంకెరోహాన్ మార్కెట్లో ఓ పెద్దావిడ దగ్గరకెళ్లి, అలవాటు కొద్దీ తెలుగులో 'ఉప్పు' అన్నాను. 'ఉపో, ఉపో' అంటూ దీన్ని చేతిలో పెట్టింది. సొరకాయని ఇక్కడ ఉపో అంటారట. అమ్మాయికి ఫోన్ చేస్తే చెప్పింది.

రాజ్యం: మరి ఉప్పునేమంటారట?

శేషగిరి: అసిన్.

రాజ్యం: తెలిశాకైనా తేవద్దూ?

శేషగిరి: అప్పటికే జీప్నీ ఎక్కేశాను. అయినా నీకున్న బీపీకి ఉప్పెందుకే? చూడు, నీకిష్టమని పొట్లకాయ తెచ్చాను. బోర్డు మీద 'పటోలా' అని ఇంతింత అక్షరాలు. సంస్కృతంలో పటోలం అంటే పొట్లకాయే కదా.

రాజ్యం: (బయటికి తీసి) ఇది బీరకాయ.

శేషగిరి: బోర్డు మీద మాత్రం...

రాజ్యం: బోర్డు చదివే బదులు కాయ చూడాల్సింది. పొట్లకాయకి ఇలా నిలువునా అంచులుంటాయా?

శేషగిరి: అయితే మాట ఓడెక్కి వచ్చిందన్నమాట. దారిలో కాయ మారింది.

రాజ్యం: మీతో పంపితే ఏదైనా మారుతుంది. కూర్చోండి, కిందింటి ఆతే గిన్నె పంపింది.

శేషగిరి: ఆతే అంటే అక్క. నువ్వు మొదటి రోజు 'అత్తా' అని పిలిచావు.

రాజ్యం: పలికిందిగా! ఇదిగో, నిన్నటిదే మళ్లీ పంపింది. లవూయట.

శేషగిరి: (మూత తీసి) ఆహా! గుమ్మడికాయ, వంకాయ, బెండకాయ, బచ్చలాకు, వాసనకి నిమ్మగడ్డి. నూనె చుక్క లేదు, పోపు లేదు, కారం లేదు. ఆరోగ్యం అంటే ఇదే. నేర్చుకో.

రాజ్యం: చెంచాడు నూనె తగ్గించానని దొండకాయ వేపుడు పళ్లెం తోసేసిన మనిషేనా ఈ మాటంటున్నది?

శేషగిరి: అది వేపుడు. దాని ధర్మం వేరు. అసలు దీనికి ప్రాణం ఈ చిన్న చిన్న ఆకుల్లో ఉంది. కముంగ్గాయ్. ఇనుము, కాల్షియం, విటమిన్ ఏ... ఒకటా రెండా! పాలు బాగా పడతాయని ఇక్కడ బాలింతలకి కోడి పులుసులో వేసిస్తారట. అల్లం, పచ్చి బొప్పాయి ముక్కలు, ఈ ఆకు. టినోలా అంటారు. మనీలావాళ్లు ఈ ఆకునే మళుంగ్గాయ్ అంటారుట. ఎంత గొప్ప దేశమే!

రాజ్యం: అదేం ఆకో తెలుసా?

శేషగిరి: చెప్పాగా, కముంగ్గాయ్.

రాజ్యం: మునగాకు.

(నిశ్శబ్దం. శేషగిరి గరిటెతో ఒక రెమ్మ పైకి లేపి చూస్తాడు. తిప్పి చూస్తాడు.)

శేషగిరి: ఇది కొంచెం... గుండ్రంగా ఉంది.

రాజ్యం: మునగాకు గుండ్రంగానే ఉంటుంది. మీరెప్పుడు చూశారు గనక? ముప్పై ఏళ్లుగా ఆషాఢం వస్తే పప్పులో వేస్తున్నా. రెమ్మ రెమ్మా ఏరి కంచం అంచున పేర్చి, 'నేనేమన్నా మేకనా' అన్నారు. నిన్న ఇక్కడ మూడు గిన్నెలు తాగారు.

శేషగిరి: నీళ్లు మారితే గుణం మారుతుంది.

రాజ్యం: మునగ పుట్టిందే మన హిమాలయాల కింద. ఇంగ్లీషోళ్ల మొరింగా కూడా తమిళం మురుంగై నుంచి వచ్చిందేనని అమ్మాయి చెప్పింది.

శేషగిరి: సరే, మునగ నీదే. కాకరకాయకి మాత్రం వీళ్లకి దణ్ణం పెట్టాలి. షుగరుకి పనికొస్తుందని వీళ్ల ఆరోగ్యశాఖ పది మందు మొక్కల జాబితాలో చేర్చింది. అంపలాయా అంటారు. అందుకే టీ పొట్లాలు కొన్నాను.

రాజ్యం: ఎన్ని?

శేషగిరి: ఆరు.

రాజ్యం: (పెట్టె తిప్పి) పైన పెద్దక్షరాలు చదివారా, కింద చిన్నక్షరాలు చదివారా? అమ్మాయి నిన్న చదివి వినిపించింది. దీనికి రోగం నయం చేస్తుందన్న ఆమోదం ఏదీ లేదని వాళ్లే అచ్చేశారు.

శేషగిరి: అది రూలు కోసం వేస్తారే.

రాజ్యం: కాకరకాయ మంచిదే, తినండి. గుడ్డుతో వేయించి వీళ్లు చేసేదీ బాగుంటుంది. ఉప్పు రాసి పిండడం కూడా మనలాగే. కానీ ఉదయం వేసుకోవాల్సిన షుగరు బిళ్ల మీ జేబులోనే ఉంది. మానేద్దామనేగా?

శేషగిరి: రెండూ కలిపితే షుగరు మరీ దిగిపోతుందేమోనని...

రాజ్యం: ఆ సంగతి అమ్మాయిని అడగాలి, జేబునడిగితే ఎలా? అయినా మొన్న హోటల్లో అన్‌లీ రైసని బోర్డు చూసి నాలుగుసార్లు అన్నం వేయించుకున్నప్పుడు దిగిపోతుందన్న భయం లేదేం?

శేషగిరి: అన్‌లీ అంటే అన్‌లిమిటెడ్. ఆపడం మర్యాద కాదు.

రాజ్యం: 2017లో ఓ సెనేటరమ్మ షుగరొస్తుంది, ఈ అన్‌లీ రైసు ఆపేయండి అందట. జనం ఆవిడ మీద విరుచుకుపడ్డారట. మీరు అప్పుడిక్కడుంటే జెండా పట్టుకునేవారు.

శేషగిరి: సరే, రేపు శుక్రవారం. శుక్రవారం వీళ్లు పెసలు వండుకుంటారు. క్రైస్తవులు, మాంసం మానే రోజు. మన శనివారం లాగా. పెసల్లో ప్రొటీను, పీచు... అందులో కూడా మునగాకే. పైన కలమన్సీ పిండితే ఆ పులుపుతో ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఇది డాక్టరు చదివే పిల్ల మాట, నాది కాదు.

రాజ్యం: ఆతే వాళ్లింట్లో పెసల మీద వేయించిన పంది తోలు చల్లారు. చూశారా?

శేషగిరి: అలంకారం కోసం.

రాజ్యం: నిష్ఠ మనదీ అంతేలెండి. శనివారం టిఫినని చెప్పి ఎనిమిది అట్లు. నాకు మాత్రం వాళ్ల చేమాకు నచ్చింది. కొబ్బరిపాలల్లో నెమ్మదిగా ఉడికిస్తారు. సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురదట.

శేషగిరి: కందకు లేని దురద కత్తిపీటకెందుకు! నువ్వు దానికీ భయపడు. నేను మాత్రం ఒకటి నిశ్చయించుకున్నాను. వెళ్లేటప్పుడు ఈ కముంగ్గాయ్ కొమ్మ ఒకటి సూట్‌కేసులో పెట్టుకుని, మన దొడ్లో నాటతాను.

రాజ్యం: తెనాలికి మునక్కొమ్మ! ఎయిర్‌పోర్టులో మొక్కలు పట్టుకుంటారని మీకు చెప్పేవాళ్లు లేరా? ఉన్న చెట్టుని కొట్టించిందెవరు? కారు మీద గొంగళిపురుగులు పడుతున్నాయని మేలో మనిషిని పిలిపించి మొదలంటా నరికించలేదూ?

శేషగిరి: (మెల్లిగా) మోడుంది కదే. నీళ్లు పోస్తే చిగురిస్తుందేమో. పక్కింటి అబ్బాయికి ఫోన్ చేసి బిందెడు పోయమంటాను.

రాజ్యం: అక్కర్లేదు. చిగురించి మూడు నెలలైంది.

శేషగిరి: మరి నాకు చెప్పలేదే! ఆ ఆకంతా ఏం చేశావ్?

రాజ్యం: ఎండబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి దంచాను. రోజూ ఇడ్లీల్లో నెయ్యేసుకుని లొట్టలేశారుగా.

శేషగిరి: అది కరివేపాకు కారం కదే!

రాజ్యం: సీసా మీద అలాగే రాశాను. మీరు బోర్డులు చదివే మనిషి కదా. మొన్న ఒక సీసా కిందింటి ఆతేకిచ్చాను. మూత తీసి ఒక్కసారి వాసన చూసి, 'కముంగ్గాయ్!' అంది.

(శేషగిరి సూప్ గిన్నె వైపు చూస్తాడు, తర్వాత అలమార వైపు.)

శేషగిరి: ఇంకో సీసా ఉందా?

రాజ్యం: ఉంది. ముందు కిందికెళ్లి అసిన్ పట్టుకురండి.