ఇంజక్షన్ పడేలోపు ఒక సీసా రక్తం

పోయిన వానాకాలం మా అమ్మకు జ్వరం వచ్చింది. నాలుగో రోజున విజయవాడలోనే ఇంటి దగ్గర ఒక క్లినిక్‌లో చూపిస్తే వైడాల్ పరీక్ష చేసి "టైఫాయిడ్ పాయింట్లు ఉన్నాయి" అన్నారు, ఆ సాయంత్రమే సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, ఐదు రోజులు. ఇంజక్షన్లు మొదలైన ఆరో రోజుకీ జ్వరం దిగలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరుగారు ఫైలు తిరగేసి మొదట అడిగింది ఒక్కటే: "బ్లడ్ కల్చర్ రిపోర్టు ఏదండీ?" రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే ఆ పరీక్ష అసలు చేయించలేదు. అప్పుడు తీస్తే ఏమీ పెరగలేదని వచ్చింది. రక్తంలో బ్యాక్టీరియా నిజంగానే లేదా, ఐదు రోజుల మందు పడ్డాక ఉన్నా దొరకలేదా అన్నది ఆ రిపోర్టుని బట్టి చెప్పలేం. చివరికి మెడ వెనక, జుట్టు కింద చిన్న నల్లటి పెచ్చు కనిపిస్తే, సన్నటి పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం అనుకుని డాక్సీసైక్లిన్ ఇచ్చారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది.

ఆ ఇంజక్షన్ చెడ్డ మందని చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్‌ల కుటుంబం పేరు సెఫలోస్పోరిన్లు, అవి లేకపోతే ఈ రోజు ఆపరేషన్లు, మెనింజైటిస్, న్యుమోనియా, టైఫాయిడ్ దగ్గర మనం చాలామందిని పోగొట్టుకునేవాళ్లం. ఇటలీలోని సార్డీనియా దీవిలో 1945లో జ్యుసెప్పె బ్రోట్జు అనే ఆయన సముద్రంలో మురుగునీరు కలిసే చోట ఒక బూజును పట్టుకున్నాడు, దాన్నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో మందు పదార్థాన్ని విడదీశారు, 1964లో మొదటి మందు బజారులోకి వచ్చింది. బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడను కట్టనివ్వకుండా చేయడమే ఈ మందుల పని. మన కణాలకు అలాంటి గోడ ఉండదు, అందుకే మనకు పెద్దగా హాని లేకుండా బ్యాక్టీరియా చస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. అన్ని క్రిములూ ఈ మందుకు దొరకవు. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణాల లోపలే దాక్కుంటుంది, సెఫలోస్పోరిన్ ఎంత పోసినా లొంగదు. డెంగీ వైరస్, దానికి ఏ యాంటీబయాటిక్ అయినా దండగే. టైఫాయిడ్‌కి మాత్రం సెఫ్ట్రియాక్సోన్ ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఇవన్నీ బెజవాడలో, గుంటూరులో వానలు పడ్డాక ఒకే రకంగా, ఒళ్లు నొప్పులు తలనొప్పి జ్వరంతోనే మొదలవుతాయి. పైగా వైడాల్‌ని నమ్ముకోలేం, ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కో టీకాకో కూడా పాయింట్లు చూపిస్తుంది.

గుంటూరు వాళ్లకు ఇంకొక ఉదాహరణ చెప్పనక్కర్లేదు. 2025లో గుంటూరు పక్కనే తురకపాలెంలో వరుసగా మనుషులు చనిపోతే అధికారులు మెలియాయిడోసిస్‌ని అనుమానించారు, సెప్టెంబరంతా అదే వార్త. మట్టిలో, నీళ్లలో ఉండే బ్యాక్టీరియాతో వచ్చే జబ్బు అది, సుగర్ ఉన్నవాళ్లనూ పొలంలో పనిచేసేవాళ్లనూ ఎక్కువగా పట్టుకుంటుంది. దానికి వాడాల్సింది సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్, నరానికి కనీసం పది పద్నాలుగు రోజులు, ఆ తర్వాత నెలల తరబడి కోట్రైమాక్సజోల్ మాత్రలు. సెఫ్ట్రియాక్సోన్ దాని మీద సరిగా పనిచేయదు. సెఫ్టాజిడిమ్, సెఫ్ట్రియాక్సోన్ రెండూ సెఫలోస్పోరిన్లే, రెండూ మూడో తరానివే, పేర్లు కూడా అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. అయినా ఒకటి ప్రాణం నిలబెడుతుంది, రెండోది రోజుల్ని తినేస్తుంది. ఏ క్రిమో తెలియకుండా "పవర్ ఉన్న యాంటీబయాటిక్ ఇచ్చాం కదా" అంటే సరిపోదని ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

అందుకే నేను అడిగేది ఒకటే, క్రమం మార్చమని. ముందు రక్తం, తర్వాత మందు. దీన్ని తప్పుగా అర్థం చేసుకోవద్దు. బీపీ పడిపోయి, ఊపిరి అందక, స్పృహ తగ్గిన మనిషికి రిపోర్టు కోసం ఇంజక్షన్ ఆపితే ప్రాణం పోతుంది, అక్కడ ప్రతి గంటా లెక్కే. కానీ కల్చర్ సీసాల్లోకి రక్తం తీయడానికి పట్టేది నిమిషాలు. తీసి, వెంటనే మందు మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో రిపోర్టు రాగానే మార్చుకోవచ్చు, అవసరం లేకపోతే ఆపేయొచ్చు. మూత్రంలో మంట అన్నా ఇంతే. మన దేశంలో ఆ ఇన్ఫెక్షన్లు తెచ్చే ఇ.కోలై అనే బ్యాక్టీరియాలో ఈ మందుల్ని ముక్కలు చేసే ఎంజైములున్నవి బాగా పెరిగిపోయాయి, వాటి మీద ఈ కుటుంబానికే చెందిన సెఫిక్సిమ్ మాత్రలు రెండు కోర్సులు వాడినా ఒరిగేదేం లేదు.

మెడికల్ షాపుల సంగతి వేరే చెప్పాలి. జలుబు చేసినా "టాక్సిమ్-ఓ ఒక స్ట్రిప్ ఇవ్వండి" అని సెఫిక్సిమ్‌ని బ్రాండు పేరుతో అడిగేవాళ్లను, అడగ్గానే ఇచ్చేవాళ్లను నేను కళ్లారా చూస్తూనే ఉన్నాను. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ మందుల జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ రెండింటినీ జాగ్రత్తగా చూసుకుంటూ వాడాల్సిన 'వాచ్' వరుసలో పెట్టింది, మొదటి తరం సెఫలెక్సిన్‌ని మాత్రం మామూలుగా వాడుకునే 'యాక్సెస్' వరుసలో ఉంచింది. అంటే చర్మం మీద చిన్న గడ్డకు, డాక్టరు చూసి అవసరమంటే, పాత సెఫలెక్సిన్ చాలాసార్లు సరిపోతుంది. కొత్తది, ఖరీదైనది అయినంత మాత్రాన మెరుగైనది కాదు.

ఇంజక్షన్‌కి ముందు మనం చెప్పాల్సినవీ ఉన్నాయి. పెన్సిలిన్ పడదంటే సెఫలోస్పోరిన్ ఏదీ వాడకూడదని వెనకటి మాట. పెన్సిలిన్ పడనివాళ్లలో వీటికీ రియాక్షన్ వచ్చేది 100 మందిలో సుమారు ఇద్దరికే, అంతకంటే తక్కువ కూడా అని ఇప్పటి అంచనా. అయితే పెన్సిలిన్ వేసినప్పుడు ఊపిరి ఆడక, ముఖం వాచి ఆసుపత్రి పాలైనవాళ్లు ఆ విషయం దాచకుండా డాక్టరుకి చెప్పి తీరాలి. కిడ్నీ జబ్బుంటే వీటిలో చాలా మందులకు డోసు తగ్గించాలి. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతుంటే చెప్పాలి. కాల్షియం ఉన్న సెలైన్ ఎక్కించే నెల లోపు పసికందుకు సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వనే కూడదు, రెండూ కలిసి ఊపిరితిత్తుల్లో పలుకుల్లా పేరుకుని పిల్లలు చనిపోయిన సంఘటనలున్నాయి. కామెర్లున్న పసిబిడ్డకూ ఆ మందు వద్దు. కోర్సు వాడాక రోజుకు నాలుగైదుసార్లు నీళ్ల విరేచనాలైతే అది వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకోకండి, వెంటనే చూపించుకోండి.

ఇక ప్రభుత్వం వైపు. ఏ క్రిమి ఏ మందుకు లొంగడం లేదన్న దేశమంతటి లెక్కలు కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ ఏటా అచ్చు వేస్తోంది, మంచిదే. కానీ విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో కూర్చున్న డాక్టరుకి కావాల్సింది ఈ జిల్లాలో, ఈ ఏడాది, ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తోందన్న ఒక్క కాగితం. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల మైక్రోబయాలజీ విభాగాలు ఆ కాగితాన్ని ఆరు నెలలకోసారి అందరికీ కనిపించేలా పెట్టాలి, పీహెచ్‌సీలో తీసిన రక్తం సీసా అదే రోజు అక్కడికి చేరే బండి ఒకటి ఉండాలి.