మహారాజశ్రీ సిలిండర్ కాస్టింగ్ గారికి

విజయనగరం నుంచి తమ సేవకుడు వ్రాయునది.

ఉభయకుశలోపరి. తమరు మా పెరటి షెడ్డులో, లేత్ మిషన్ పక్కన పాత తువ్వాలు మీద క్షేమంగానే ఉన్నారు. నా క్షేమం తమరు ఎలాగూ అడగరు.

తమరు వచ్చిన పెట్టె మీద ‘ఆవిరి ఇంజను’ అని రాసుంది, ఇంట్లో చెక్కి బిగించుకునే బుల్లి ఇంజను అన్నమాట. బొమ్మలో రంగు వేసుకుని, ఇత్తడి తళతళలాడుతూ నిలువు ఇంజను నిలబడి ఉంది. విప్పితే లోపల తమరు, ఓ బీడు (పోత ఇనుము) ముద్ద. పిస్టన్ ఆడే ముప్పావు అంగుళం కన్నం, అదే బోరు, ఎక్కడండీ అంటే, లోపలే ఉంది, కావాలంటే తీసుకో అన్నట్టు కూర్చున్నారు.

పట్టుకుందామంటే సూటిగా ఉన్న అంచు ఒక్కటీ లేదు. తమర్ని పోతపోసే ఇసుక అచ్చు చెదరకుండా అందులోంచి నమూనా పైకి రావాలి కాబట్టి పక్కలన్నీ కాస్త వాలుగా ఉంచుతారు. సరే, అది తమ తప్పు కాదు. కానీ ఆ వాలు పక్కలకి రాగి రేకు ముక్కలు అడ్డంపెట్టి, నాలుగు దవడలు విడివిడిగా కదిలే ఫోర్ జా చక్‌లో బిగించి, మధ్యకి వచ్చారో లేదో చెప్పే డయల్ గేజ్ ముల్లు చూసుకుంటూ ఒక దవడ వదులు చేసి ఇంకోటి బిగిస్తూ ఉంటే పొద్దు గూకుతోంది. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడికి కూడా మా ఇంట్లో ఇన్నిసార్లు పీట సర్దలేదు. ఇంతా చేశాక చూస్తే పోతలో వదిలిన కన్నం మధ్యలో లేదు. డ్రిల్లు పెడితే అదీ ఆ కన్నం దారే పట్టి పక్కకి పోతుంది. అందుకని కన్నాన్ని లోపల్నుంచి గీకే బోరింగ్ బార్‌తో సన్నసన్నగా తీసుకుంటూ రావడం. అదే బిగింపులో ఒక చివర కూడా చదును చెయ్యాలి, లేకపోతే మూత వంకరగా కూర్చుని పిస్టన్ రాడ్ పట్టేస్తుంది.

ఇక తమ చర్మం. పైన ఇసుక, దాని కింద ఓ మూల గాజులాంటి మచ్చ. పల్చటి అంచు అచ్చులో గబుక్కున చల్లారితే కార్బన్ గ్రాఫైట్‌గా విడిపోయే వ్యవధి లేక ఇనుముతోనే కలిసిపోయి గట్టి కార్బైడ్ అవుతుంది. హైస్పీడ్ స్టీల్ టూల్ అక్కడికి రాగానే కీచుమని మొద్దుబారింది. తమర్ని కుంపట్లో ఎర్రగా కాల్చి, రైస్‌మిల్లు ఊక బూడిదలో రాత్రంతా పూడ్చిపెట్టాం. తెల్లారి తవ్వితే ఇంకా వెచ్చగానే ఉన్నారు, మచ్చ మాత్రం మెత్తబడింది. తమరు నా మాట విన్నది ఆ ఒక్కసారే.

స్క్రూల దగ్గర మళ్ళీ పేచీ. తమరికి 7 బి.ఏ. అనే పాత బ్రిటిష్ కొలత మరలు కావాలట. లావు 2.5 మి.మీ., పిచ్, అంటే మర గాడికీ గాడికీ మధ్య దూరం, 0.48. మన దగ్గర దొరికే మెట్రిక్ మర ఎం2.5కి పిచ్ 0.45. ఈ కాస్త తేడా కోసం మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా కొట్లన్నీ ఎక్కి దిగాను. ఒకాయన భూతద్దంలో చూసి, వాచీలు బాగుచేసే వాళ్ళ దగ్గరికి పొమ్మన్నాడు. బ్రిటిష్ మరలే కావాలంటే తమరు 1900లో రావాల్సింది. ఆ ఏడే నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజు రైలు మొదలైంది, ఆవిరికి గిరాకీ ఉన్న రోజులు. ఇప్పుడొచ్చారు కాబట్టి ఎం2.5తో సర్దుకోండి.

బీడుని పొడిగానే కొయ్యాలి, నూనె పొయ్యకూడదు. ఆ నల్ల రజను లేత్ పట్టాల మీదికి, నా ముక్కులోకి, చివరికి తీగ మీద ఆరేసిన పొందూరు ఖద్దరు పంచె మీదికీ చేరింది. ఆ సాయంత్రం ఇంట్లో నేను విన్న మాటలు తమకి చేరవెయ్యడం మర్యాద కాదు.

పక్కింటి మావయ్యగారు గోడ మీంచి చూసి, “దీంతో నీరు తోడతాదేటి బాబూ?” అన్నారు. తోడదన్నాను. “పిండి రుబ్బుతాదేటి?” రుబ్బదు. “మరేటి చేస్తాది?” తిరుగుతుందండీ అన్నాను. చాలాసేపు తమర్నే చూశారు. “కరెంటు పోతేనో?” పోయినా తిరుగుతుంది. “అయితే పర్లేదు, ఫ్యాన్ రెక్క తగిలించు” అని వెళ్ళిపోయారు. తమ మీద ఊళ్ళో ఎవరైనా పెట్టుకున్న ఆశ అదొక్కటే.

ఆవిరి వచ్చిపోయే దారులు, అంటే పోర్టులు, ఉన్న ముఖం గాజు పలక మీద రుద్ది చదును చేశాక పంక్చర్ షాపు గాలితో తిప్పి చూస్తాం. అక్కడి కుర్రాడు బైకు టైరుకి కొట్టినట్టు ముప్పై పౌన్లు కొడతానని ఉబలాటపడుతున్నాడు. తమరు ఐదారుకే కదిలితే వాణ్ణి ఆపగలను.

ఇట్లు,
తమ సేవకుడు

తా.క. బాయిలర్ వస్తోందని గర్వపడకండి. పాతిక లీటర్ల లోపుదైతే చట్టం లెక్కలో అది బాయిలరే కాదు. మా ఆవిడ లెక్కలో కుక్కరు. ఎన్ని విజిల్స్‌కి దింపాలో ముందే కనుక్కోమంటోంది.